ఒడ్డున పెట్టిన తెర

వేటకెళ్లిన పడవ రాకపోతే ఇంటివాళ్లు ఒడ్డున దీపం పెట్టుకుని కూర్చోవడం డొంకూరులో ఆనవాయితీ. గాలివానకు ఊళ్లో కరెంటు పోయింది. ఆ గాలికి లాంతరు నిలవలేదు. ఆ రాత్రి తిరిగిరాని తండ్రి దాలయ్య కోసం త్రినాథ్ తన ల్యాప్‌టాప్ తెచ్చి, తెరను సముద్రం వైపు తిప్పి ఇసుకలో పెట్టాడు. దాని వెనక తల్లి బొడ్డమ్మ పక్కన కూర్చున్నాడు.

బ్యాటరీ నిలవాలని ప్రోగ్రాములన్నీ మూసేశాడు. ప్రాసెసర్ వేగాన్ని అట్టడుగుకు దించాడు. లోపలి ఫ్యాను ఆగిపోయింది.

"ఎంతసేపుంటాదిరా?" అంది బొడ్డమ్మ.

"వెలుగు తగ్గిత్తే తెల్లారేదాకా ఉంటాదే."

"తగ్గిత్తే మీ అయ్యకేటి కనబడతాది? సదివినోడివేనేటి నువ్వు?"

త్రినాథ్ వెలుగు తగ్గించలేదు.

చాలాసేపటికి నీళ్ల వైపు నుంచి దాలయ్య గొంతు వినిపించింది.

"ఒరే తిన్నాదా, అయిదే ఉందిరా."

బొడ్డమ్మ ఏడుస్తూ నీళ్లలోకి పరుగెత్తబోయింది. త్రినాథ్ తెరను తన వైపు తిప్పి చూశాడు. మూలన చీమంత అంకెల్లో అయిదు శాతం అని ఉంది.

"అమ్మా, ఆగు. బ్యాటరీ అయిదే ఉంది."

బొడ్డమ్మ ఆగిపోయింది.

"మీ అయ్యకి అంకెలు సదవడం రాదు కదరా," అంది. "ఆర్పీరా."

ఆర్పితే దాలయ్య పడవకు ఒడ్డు తెలియదు. త్రినాథ్ తెరను మళ్లీ సముద్రం వైపు తిప్పాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. పడవ చప్పుడు లేదు. ఇసుకలో అడుగుల చప్పుడు కూడా లేదు.

"ఒకటి," అంది గొంతు, తెరకు అవతలి పక్క నుంచి.