గోడవతలి వార్తలు

గోడకు చెవి ఆనించి చిన్నపరెడ్డి ఊపిరి బిగబట్టాడు. గోడకు అవతల వంటింట్లో ఆయన కూతురు లూర్దమ్మ పత్రిక చదువుతోంది. మఠకన్యల బడిలో చదువుకున్న పిల్ల, ఒక్క అక్షరం మింగదు.

"చిల్లులు పడిన మిద్దెలు విమానంలో నుంచి స్పష్టంగా కనిపిస్తాయనీ, శత్రువులు మొట్టమొదట వాటి మీదనే బాంబులు వేయుదురనీ..."

"అట్లయితే మన వంటిల్లు పోయినట్టే," అంది ఆయన భార్య తెరేజమ్మ. "మీ నాయనకు చెప్దామంటే పత్రిక మాటే ఎత్తకూడదు. మొక్కు గదా, పాపం."

ఆ మొక్కు తలచుకుంటేనే చిన్నపరెడ్డికి ఒళ్లు మండుతోంది. సింగపూరు పడిపోయిందని తెలిసిన రెండు మూడు రోజులకే విభూది బుధవారం వచ్చింది. గుడి ముందరే పిల్లలను వరసగా నిలబెట్టి, ఈస్టరు దాకా తపస్సు కాలం నలభై దినాలూ ఒక్కొక్కరూ తమకు ప్రాణమైనదాన్ని మానుకోవాలని ఆయన గట్టిగా చెప్పాడు. మగపిల్లలిద్దరూ ఏడ్చుకుంటూ బెల్లం వదిలారు. లూర్దమ్మ పూలు వదిలింది. "మరి నువ్వో నాయనా?" అని అడిగింది. జన్మలో ముట్టని కాకరకాయ పేరు చెబుదామని ఆయన నోరు తెరిచేలోపల తెరేజమ్మ అందుకుంది.

"మీ నాయనకు ప్రాణమంటే పత్రికే గదమ్మా."

గుడి గురువుగారు పక్కనే ఉన్నారు. "చాలా గొప్ప త్యాగం," అని దీవించి వెళ్లిపోయారు.

ఊరు మొత్తానికి పత్రిక తెప్పించేది చిన్నపరెడ్డి ఒక్కడే. యుద్ధం ఎక్కడిదాకా వచ్చిందో ఆయన చెబితేనే ఊరికి తెలిసేది. ఆయన చెప్పిన వార్త తప్పైందన్నవాడు లేడు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి రెండెకరాల చేను రాసివ్వమన్నా ఇస్తాడు. ఇప్పుడు పత్రిక ముట్టుకుంటే పిల్లల ముందు పరువు పోతుంది, ముట్టుకోకపోతే ఊళ్లో పరువు పోతుంది. కంటపడితే చేయి ఊరుకోదని, మైదుకూరు నుంచి తపాలా మనిషి వచ్చే వేళకు చేనికి పారిపోయేవాడు. చెవుల సంగతి మాత్రం మొక్కులో లేదు గదా అని సాయంత్రాలు గోడ దగ్గర చేరాడు.

మర్నాడు తెల్లవారేసరికి ఆయన మిద్దె మీద ఉన్నాడు, చిల్లులు పూడ్చే చవుడు మన్ను గంపలు దించుకుంటూ. ఆ మిద్దె బాగు చెయ్యమని తెరేజమ్మ మూడేళ్లుగా మొత్తుకుంటోంది.

"ఏమయ్యా, ఉన్నట్టుండి ఈ పని?" అంది కింద నుంచి.

"వానలొస్తే?"

"ఈ ఎండల్లోనా?"

"నీకేం తెలుసు, ఊరుకోవే."

పక్కింటి సుబ్బయ్య వాసన పట్టాడు. "ఏమప్పా రెడ్డీ, వార్తలేమన్నా తెలిసినాయా?"

"నేను పత్రిక ముట్టడంల్యా. అయినా నీ మిద్దె గూడా ఒకసారి చూసుకో."

సాయంత్రానికి పదకొండు మిద్దెల మీద మనుషులున్నారు.

ఆ తరవాత వార్తలు ఊపిరి తిప్పుకోనివ్వలేదు. సాయంత్రం పొయ్యి పొగ విమానాలకు గుర్తవుతుందని రాశారట; ఊళ్లో ఆడవాళ్లు పొద్దున కెలికిన సంగటే రెండు పూటలా పెట్టారు, మగవాళ్లు కిక్కురుమనలేదు. చుట్ట నిప్పు రెండు మైళ్ల దూరానికి కనిపిస్తుందట. చిన్నపరెడ్డి చుట్టలన్నీ తీసుకుపోయి పేడదిబ్బలో పూడ్చాడు, గుండె రాయి చేసుకుని. లండనులో పెద్ద పెద్ద దొరలే భార్యలకు నీళ్లు మోస్తున్నారట. సుబ్బయ్య అంతటివాడు కడవ భుజానికెత్తుకున్నాడు. బట్టంతా సైన్యానికే పోతుందని రాసిన వారంలో నేతగాళ్ల దగ్గర చీర మిగల్లేదు. తెరేజమ్మకు మూడొచ్చాయి.

అంతా బాగానే ఉంది గానీ, చిన్నపరెడ్డి మనసు కుదురుగా లేదు. పండగ దగ్గరపడ్డాక, చేసిన తప్పు చెప్పుకుందామని పాపసంకీర్తనానికి పోయి మోకరించాడు.

"పత్రిక చదివినావా?" అన్నారు గురువుగారు.

"లేదు సామీ. చెవిన పడింది."

"పడిందా, నువ్వే చెవి పెట్టినావా?"

"పెట్టినా సామీ. గోడకు."

"ఎన్నిసార్లు?"

"దినామూ."

జపమాల మూడుసార్లు చెప్పమని గురువుగారు శిక్ష వేశారు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఇంతకూ రంగూను ఏమైంది నాయనా?" అన్నారు.

"రంగూను మాట రాలేదు సామీ. మిద్దెల సంగతే ఎక్కువ రాస్తాండారు."

ఈస్టరు పండగ నాడు పూజ ముగించుకుని ఇల్లు చేరేసరికి ఊరి మగవాళ్లంతా ఆయన అరుగు మీద చేరి ఉన్నారు. నలభై దినాల వార్తలు పత్రికలో చూపించి, వరసపెట్టి చదివి వినిపిస్తానని ఆయనే మాటిచ్చాడు. అందరికంటే ముందు సుబ్బయ్య కూర్చున్నాడు, కడవ మోసి భుజం మీద కాచిన కాయ తడుముకుంటూ.

చిన్నపరెడ్డి లోపలికి పోయి భార్యను పక్కకు పిలిచాడు. "నీకొక మాట చెప్పాల. నేను గోడకు చెవి పెట్టి అంతా విన్యా."

"తెలుసులే. గోడకు నీ తలనూనె మరక పడింది."

"తెలిసీ ఊరుకున్యావా?"

"విననీలే అనుకున్యా."

చిన్నపరెడ్డికి కళ్లు చెమర్చాయి. మొక్కు పట్టిన మొగుడి మీద ఎంత దయ ఈమెకు అనుకున్నాడు. పెళ్లయిన పదహారేళ్లలో ఆమె మీద ఇంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

"సరే, పత్రికలన్నీ తీసకరా. బయట అందరూ కాచుకోనుండారు."

లూర్దమ్మ మెల్లగా తల్లి వెనక్కు జరిగింది. తెరేజమ్మ కొత్త చీర కొంగు సర్దుకుంది.

"పత్రికను విభూది బుధవారం నాడే మాన్పిచ్చేసినా."