అంతరిక్షంలో గాలివాటం

భార్య చేతిలోని ఫోను లాక్కుని చూసి శ్రీశైలం పకపకా నవ్వాడు. ఎప్పుడో అయిపోయిన అంతరిక్షం సీరియల్‌కి అభిమానులు సొంతంగా అల్లిన కథట! దాన్ని చదువుకుని మురిసిపోతూ స్రవంతి పొయ్యి మీది పాలు కూడా పొంగించేసింది.

“పనీపాటా లేనోళ్ల రాతలు! ఇగ విను. ‘అంతరిక్షనౌకలో గ్యాస్ లీకైంది. కెప్టెన్ ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, గాలి ఎటు వీస్తోందో చూశాడు.’ థూ! ఆడ గాలి యాడిదే? ఏ గాడిద రాసిందే గిది?”

“నేనే,” అంది స్రవంతి, పొయ్యి తుడుస్తూ. “గ్యాసొస్తే గాలి సూసి, దానికి అడ్డంగ ఉరకాలెనని నువ్వే కద చెప్పినవ్.”

కంపెనీలో అందరికీ సేఫ్టీ పాఠాలు చెప్పే శ్రీశైలం మీసం దువ్వుకున్నాడు.

“అయితే నీ కెప్టెన్ నేనేనన్నట్టు! తర్వాత ఏం జేసిండు?”

“పెండ్లాం చెయ్యి పట్టుకొని ఉరికిండు.”

శ్రీశైలం నవ్వు ఆగిపోయింది. నిరుడు పక్క కంపెనీ గ్యాస్ వాళ్లుండే ఇస్నాపూర్‌ని కమ్మేసిన పొద్దున, అతను వెనక్కి తిరిగి చూడకుండా ఒక్కడే మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తాడు.

స్రవంతి చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

“ఆ కథల నేను కల్పించింది గదొక్కటే.”