బొంగరం వెనక పాతబండి

"నూట నలభై నాలుగు హెర్ట్జ్ చాలు సార్. మీ వయసుకి అదే ఎక్కువ," అన్నాడు సేల్స్‌మన్.

"నా వయసు మానిటర్‌కి ఎవరు చెబుతారు బాబూ?"

సేల్స్‌మన్ నవ్వేశాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు ఆ బస్సు డ్రైవరు. చొక్కా జేబుకి బ్యాడ్జీ ఇంకా వేలాడుతూనే ఉంది. షూటింగ్ గేములాడే కుర్రాళ్లు గుమిగూడే ఈ కౌంటరు దగ్గరికి ఆ వయసు మనుషులు పిల్లల కోసం తప్ప రారు. ఈయన తన కోసమే అంటున్నాడు.

పక్కపక్కనే ఉన్న రెండు మానిటర్ల మీద ఒకే బొమ్మ పరిగెత్తించాడు సేల్స్‌మన్.

"తేడా కనబడుతోందా?"

డ్రైవరు ముందుకు వంగాడు. "ఇందులో పరిగెత్తేవాడి వెనక పొగలాగా వస్తోంది. అందులో లేదు."

"అది రెండు వందల నలభై. సెకనుకి అన్నిసార్లు బొమ్మ మారుతుంది. మీ కన్ను గట్టిదే సార్."

"బస్సు ముందుకి ఎవడు ఎప్పుడు దూకుతాడో చూసుకునే కన్ను. అదే ఇచ్చెయ్."

"ఇంతకీ ఎందుకు సార్? టోర్నమెంటా?"

"పై ర్యాంకుకి ఎక్కాలి. నా జోడీ గబగబా ఎక్కేస్తోంది. ర్యాంకులు దగ్గరగా ఉన్నవాళ్లనే కదా ఒక జట్టులో కలుపుతారు. ఇంకో మెట్టు ఎక్కిందంటే ఇక నన్ను కలపరు."

"జోడీయా?" సేల్స్‌మన్ గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఆంటీకి తెలుసా?"

"ఆవిడే పంపింది."

"అయితే ఇంకేం. అంత తొందరైతే పై ర్యాంకులో ఉన్న అకౌంటే కొనుక్కోండి సార్. ఆడి ఆడి విసుగెత్తినవాళ్లు బోలెడుమంది అమ్ముకుంటున్నారు. మానిటర్ కంటే చవక."

"వద్దు. ఆటలో నా పేరు మారిపోతుంది. తనకి పాతబండి అంటేనే తెలుసు."

సేల్స్‌మన్ కేబుల్ కోసం కౌంటరు కిందికి వంగాడు. అది దొరకడానికి కాస్త ఆలస్యమైంది.

"మీ జోడీ ఎవరండీ?" లేస్తూ అడిగాడు.

"మా అమ్మాయి." డ్రైవరు అటూ ఇటూ చూశాడు. "చిన్నప్పుడు ఇంట్లో ఒకచోట నిలిచేది కాదు, బొంగరం అని పిలిచేవాణ్ణి. ఆటలో కూడా అదే పేరు పెట్టుకుంది."

"ఒకే ఇంట్లో ఉంటూ..."

"ఇంట్లో లేదు. రెండేళ్లయింది." డ్రైవరు మానిటర్ అంచు మీద లేని దుమ్ము తుడిచాడు. "ఓ రోజు పెద్ద పోటీ ఆడుతోంది. ఆడపిల్లకి ఈ తుపాకులేమిటని నడిమధ్యలో వైరు పీకేశాను. జట్టంతా ఓడిపోయింది. తను లేచి బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. ఫోను నంబరు మార్చేసింది. స్నేహితులని అడిగితే బాగానే ఉంది, వెతకొద్దంది అంటారు. అంతే."

"మరి ఆటలో..."

"ఆర్నెల్లు కుస్తీ పట్టి నేర్చుకున్నాను. ఎలకని పట్టుకోవడం దగ్గర్నించి. ఓ సాయంత్రం వెతుకుతుంటే ఆ పేరు కనబడింది. అప్పట్నించి తన వెనకే తిరుగుతుంటాను. ఎవరైనా కాలిస్తే ముందు నాకు తగలాలి కదా. 'బాగా కాపాడారు పాతబండి గారూ' అని రాస్తుంది. నేనని తెలీదు. తెలిస్తే మళ్లీ పోతుంది."

సేల్స్‌మన్ చేతిలో కేబుల్‌ని చుట్ట చుట్టాడు.

"మా ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుంటుంది. అదిగో అటు పోతోంది, నువ్వూ పో అంటుంది. తెర మీద ఆ బొమ్మ కదిలితే పిల్ల ఎక్కడో క్షేమంగా ఉన్నట్టే మాకు. అది రాని రోజు ఆవిడ ముద్ద ముట్టదు." డ్రైవరు ఫోను తీసి ఓ ఫొటో చూపించాడు. "మానిటర్ ఈ దుకాణంలోనే కొనమని తనే రాసింది. అంటే ఈ చుట్టుపక్కలే ఉంటుందేమో. ఎప్పుడైనా వచ్చిందా బాబూ?"

సేల్స్‌మన్ ఫొటోని చాలాసేపు చూశాడు. జడ భుజం మీదికి వేసుకుని, కెమెరాని వెక్కిరిస్తున్న పిల్ల.

"లేదు బాబాయ్. ఈ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు."

"పోనీలే. వస్తే మాత్రం నేనొచ్చానని చెప్పకు."

సేల్స్‌మన్ ఏదో చెప్పబోయి, మానిటర్‌ని పెట్టెలో సర్దాడు. "ఇంటికెళ్లి తగిలించాక సెట్టింగుల్లో రెండు వందల నలభై పెట్టుకోండి. లేకపోతే అరవై మీదే నడుస్తుంది," అని మాత్రం అన్నాడు.

మర్నాడు సాయంత్రం కొత్త తెర ముందు రెండు కుర్చీలు పడ్డాయి. బొంగరం వచ్చింది. ఆ రోజు పాతబండికి ఏ తూటా తగల్లేదు. ఆట గెలిచారు. అతని ర్యాంకూ ఎక్కింది.

"ఇప్పుడడుగు," అంది భార్య.

"వెళ్లిపోతే?"

"ఎన్నాళ్లిలా వెనక వెనకే తిరుగుతావు? అడుగు."

డ్రైవరు ఒంటివేలితో ఒక్కో అక్షరం కొట్టాడు. 'నేను నాన్నని. అమ్మ పక్కనే ఉంది. బాగున్నావా?'

తెర మీద జవాబు రాలేదు. బొంగరం బొమ్మ కదల్లేదు. వెళ్లిపోనూ లేదు. భార్య అతని మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"నేను చెప్పానా, అడక్కుండా ఉండాల్సింది," అన్నాడు డ్రైవరు.

అప్పుడు అక్షరాలు పడ్డాయి.

'బాగున్నాను నాన్నా. అమ్మని వేళకి తినమను.'

భార్య పైకి రెండుసార్లు చదివింది. లేచి వంటింట్లోకి వెళ్లి కంచంలో అన్నం పెట్టుకొచ్చి, తెరకి ఎదురుగా కూర్చుంది. "తింటున్నానని రాయి," అంటూ ఏడుస్తూనే ముద్ద కలిపింది.

ఖాళీ దుకాణంలో, కిందటేడు బొంగరం అకౌంటు కొనుక్కున్న సేల్స్‌మన్ కీబోర్డు మీంచి చేతులు తీశాడు.