పీకకూడని వైరు

"మేస్త్రీ, మళ్లీ చచ్చింది."

కాంపౌండరు చిన్న జనరేటరును తోపుడుబండి మీంచి దించాడు. నెలలో ఇది మూడోసారి.

"బటన్ నొక్కితే టిక్కుమంటుంది, అంతే. లోపల పేషెంటు ఉంటే నన్ను తాడు లాగుతూ కూర్చోమంటావా? డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. ఇంకోసారి ఇలాగైతే ఇంజిన్లన్నీ అవతలి షాపుకే."

మేస్త్రీకి నమ్మకంగా వచ్చే గిరాకీ ఆ ఆస్పత్రిదొక్కటే. నడుము పట్టుకుని ఇంజిన్ ముందు కూలబడ్డాడు.

మొదటిసారి బ్యాటరీ మార్చాడు. రెండోసారి బ్యాటరీకి కరెంటు ఎక్కించే రెగ్యులేటరు మార్చాడు. ఇప్పుడు మళ్లీ కొత్త రెగ్యులేటరే బిగించాడు.

గుమ్మంలో నీడ పడింది. సంచీ పట్టుకున్న ముసలాయన.

"ఇక్కడ పెద్దాయన ఉండాలే?"

"మా నాన్నా? పోయి ఆరేళ్లయింది. ఏం పని?"

ముసలాయన సంచీ కింద పెట్టాడు.

"కాస్త కూర్చోవచ్చా, నాయనా?"

"బెంచీ ఖాళీయేగా. కూర్చోండి."

మేస్త్రీ తాడు లాగాడు, ఇంజిన్ స్టార్టయింది. స్పానరు తీసుకుని బ్యాటరీ వైరు మీదికి వంగాడు.

"పీకకు నాయనా."

"ఏంటీ?"

"ఆ వైరు. ఇంజిన్ నడుస్తుండగా పీకకూడదు. రెగ్యులేటరు కాలిపోతుంది."

మేస్త్రీకి నవ్వొచ్చింది, ఒంట్లో ఓపిక లేని నవ్వు.

"వైరు పీకినా ఇంజిన్ ఆగకపోతే ఛార్జింగ్ ఉన్నట్టు. ముప్పై ఏళ్లుగా ఇదే పరీక్ష."

"ఇది బ్యాటరీ లేకపోయినా తిరుగుతుంది. ఆగకపోతే ఏం తెలిసినట్టు? ఆ పరీక్ష పాతకాలపు ఇంజిన్లతోనే పోయింది."

"మా నాన్న నేర్పాడండీ! ఆయనకి వాళ్ల గురువు పెద్దమేస్త్రీ నేర్పాడు." మేస్త్రీ స్పానరు ఎత్తి చూపించాడు. పిడి మీద మూడు గాట్లు. "ఇది ఆ పెద్దమేస్త్రీ ఇచ్చిందే. తన సామానంతటికీ ఆకురాయితో ఇలా గుర్తు పెట్టుకునేవాడట. అంత పనిమంతుడు. తెలుసా మీకు?"

ముసలాయన ఆ గాట్లు చూసి తల దించుకున్నాడు.

"ఆ పెద్దమేస్త్రీ తప్పు నేర్పాడు, నాయనా."

"లే! ముందు బెంచీ మీంచి లే. ఆయన మాటెత్తితే మా నాన్న కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు. తప్పు పట్టడానికి నువ్వెవరయ్యా?"

ముసలాయన లేచాడు. సంచీలోంచి పాత మీటరు తీసి బెంచీ మీద పెట్టాడు.

"బ్యాటరీకి ఇది తగిలించి, ఇంజిన్ రేజ్ చేసి చూడు. ముల్లు పద్నాలుగు వోల్టుల దాకా ఎక్కాలి. ఉంచుకో, నాకింక దీంతో పనిలేదు."

వెళ్లిపోయాడు.

మేస్త్రీ కసిగా వైరు పీకాడు. ఇంజిన్ ఆగలేదు.

"చూశావా?" అన్నాడు ఖాళీ గుమ్మంతో. మళ్లీ వైరు బిగించాడు.

"ఎలాగూ ఇచ్చిపోయాడుగా, అది కూడా పెట్టి చూడు మేస్త్రీ," అన్నాడు కాంపౌండరు. "నాలుగోసారి మొయ్యలేను. నాదీ నడుమే."

పెట్టాడు. పన్నెండు.

రేజ్ చేశాడు. పన్నెండే.

రెగ్యులేటరు బిగించి పావుగంట కూడా కాలేదు.

షాపులో ఇంకొక్కటే మిగిలింది. అది వేశాడు. ఈసారి వైరు జోలికి పోలేదు. ముల్లు పన్నెండు దాటింది, పదమూడు దాటింది, పద్నాలుగు దగ్గర నిలబడింది.

మేస్త్రీ ఆ వైరు వంక చూశాడు. ఇన్నిసార్లూ బాగుచేసిందీ తనే, పంపేముందు కాల్చిందీ తనే.

గుమ్మం దాటి రోడ్డు మీదికి పరిగెత్తాడు. రెండు వైపులా ఎండ తప్ప ఏమీ లేదు.

"ఇంతకీ ఎవరు మేస్త్రీ ఆయన?" లోపలికి రాగానే అడిగాడు కాంపౌండరు.

మేస్త్రీ మీటరు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాడు.

అరిగిపోయిన అంచు మీద, ఆకురాయితో పెట్టిన గాట్లు, మూడు.