రెండో ప్లాట్‌ఫారం

“పడుకున్నానని చెప్తారా? మీకేమైనా మతి పోయిందా?” ఫోన్లో కొత్త పెళ్ళాం గదమాయించింది.

“నిజం అదేగా మరి. వంతెన కూలి రైలుబండి ఏట్లో పడిన రోజు నేను ముసుగుతన్ని నిద్రపోతున్నాను. సాయంత్రం లేచాక అమ్మ చెప్పింది,” అన్నాడు కుర్ర గుమాస్తా, మెట్ల కింద గోడకు అతుక్కుపోయి.

తూనికలు, కొలతల ఆఫీసులో ఏటా ఆ రోజున సంతాపసభ. రెండు నిమిషాల మౌనం పాటించాక, ఆనాడు ఎవరెక్కడ ఉన్నారో ఒక్కొక్కరే లేచి చెప్పడం ఆనవాయితీ. అందరి తర్వాత కొత్తగా చేరినవాడు, చిట్టచివర ఆఫీసరు. కుర్ర గుమాస్తా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆ ఆఫీసరే. అదీ ఈ రోజే.

“లోపల ఒకళ్ళని మించి ఒకళ్ళు ఏడిపించేస్తున్నారే. హెడ్ గుమాస్తా మూడు సీసాల రక్తమిచ్చాడట. గోరు తెగితే కళ్ళు తిరిగి పడిపోయే మనిషి. టైపిస్టు మేడమ్‌కి మూడు రోజుల ముందే కలలో వంతెన కనబడిందట. ఇద్దరికి ఆ బండే తప్పిపోయిందట.”

“ఊళ్ళో ఆ బండి తప్పిపోయినవాళ్ళంతా ఎక్కి ఉంటే, అది వంతెన దాకా పోకుండా స్టేషన్లోనే కూలబడేది. మీకూ తప్పిపోనివ్వండి. రెండో ప్లాట్‌ఫారం మీద కుళాయి దగ్గర నీళ్ళకోసం నిలబడ్డారు. పాపం పెద్దాయన కదా అని ఓ ముసలాయన్ని ముందు పట్టుకోనిచ్చారు. ఈలోగా బండి కదిలిపోయింది. ఆయనే మీ ప్రాణదాత. అక్కడ గొంతు కాస్త బొంగురు పోవాలి.”

“ఇంత బాగా ఎలా తోచిందే నీకు?”

“తోచడమేమిటి, మొన్న మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఎవరో చెప్పుకుంటున్నారు. వెళ్ళండిక. నిన్ననే కర్టెన్లు కట్టాను. ఉద్యోగం పోయి ఇంకో ఊరు వెళ్తే, సరిగ్గా ఈ కొలత కిటికీలు దొరకవు నాకు.”

నవ్వాపుకుంటూ లోపలికి వెళ్ళి, వంతు రాగానే చెప్పేశాడు. నీళ్ళు, ముసలాయన, కదిలిపోయిన బండి. గొంతు దానంతటదే బొంగురుపోయింది, భయంతో.

హెడ్ గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాడు. టైపిస్టు మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరి చూపూ ఆఫీసరు మీదే. కథ బాగా పండినట్టుందని మురిసిపోయాడు కుర్ర గుమాస్తా. కానీ ఆఫీసరు మొహం కందగడ్డలా ఉంది.

“ఏ ప్లాట్‌ఫారం అన్నావు?”

“రెండోదండి.”

“కుళాయి దగ్గరా?”

“అవునండి.”

“ముసలాయనకు ముందు దారిచ్చావా?”

“పెద్దాయన కదండీ...”

ఆఫీసరు లేచి నిలబడ్డాడు. “ఈ ఏడు నేనేమీ మాట్లాడను. సభ అయిపోయింది. నువ్వు నా గదిలోకి రా.”

గదిలో బల్ల నిండా దుకాణాల్లో పట్టుకున్న దొంగ తూకపు రాళ్ళు. వాటి వరసలో తానూ ఒకటైనట్టు అనిపించింది కుర్ర గుమాస్తాకి. ఆఫీసరు తలుపు గడియ పెట్టగానే చేతులు కట్టుకున్నాడు.

“తప్పయిపోయిందండి. ఆ రోజు నేను స్టేషన్ మొహమే చూడలేదు. ఇంట్లో పడుకున్నాను.”

“తెలుసయ్యా,” అంటూ ఆఫీసరు కాగితం మీద సంతకం గీకి అతని ముందుకు తోశాడు. “ఉద్యోగం ఖాయం. కాకపోతే ఒక్క షరతు.”

“చెప్పండి సార్.”

ఆఫీసరు తలుపు వంక ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

“పన్నెండేళ్ళుగా ఆ కుళాయి దగ్గర ఏటా నేను నిలబడుతున్నాను. వచ్చే ఏడాది నుంచి నువ్వు పుస్తకాల కొట్టు దగ్గర నిలబడు.”