కాలవ మీద రెండు చెక్కలు

“సార్, శనివారం కంటైనర్ బయల్దేరుతుంది. కారు ఎక్కిస్తున్నారా, లేదా?”

చెన్నై నుంచి షిప్పింగ్ ఏజెంటు మళ్ళీ ఫోన్ చేశాడు.

“రేపు చెప్తా,” అని మురళీకృష్ణ పెట్టేశాడు.

టాంజానియాలో గ్రానైట్ క్వారీ తీసుకున్నాడు. భార్య రాధికతో సహా వెళ్ళిపోతున్నాడు. అక్కడా స్టీరింగ్ కుడిపక్కనే కాబట్టి, కారు తీసుకెళ్ళడానికి అడ్డేమీ లేదు.

ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. పొట్ట నేలకు ఆనుతుందా అన్నట్టుంటుంది. గిద్దలూరు మొత్తానికి అదొక్కటే.

కారు మీద ప్రేమతో తేల్చుకోలేకపోతున్నాడనుకునేరు. ప్రేమ ఉంది, కాదనను. కానీ అసలు సంగతి కసి.

రోజూ సాయంత్రం ఆ కారు బజారులో బ్రహ్మానందం బట్టల దుకాణం ముందు ఆగేది. మురళి యాక్సిలరేటర్ తొక్కిపట్టేవాడు. వీధంతా దద్దరిల్లేది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న బట్టతలాయన చెవులు మూసుకునేవాడు.

అది చూశాకే మురళికి రాత్రి అన్నం సహించేది.

ఏడేళ్ళప్పుడు, నాయన పెద్దయ్య అతన్ని కొత్త చొక్కా కొనిద్దామని కొమరోలు నుంచి ఆ దుకాణానికే తీసుకొచ్చాడు. నాయన గొర్రెల కాపరి. ఆ రోజు వాన. గొంగడి తడిసి ముద్దయింది.

“గొర్రె కంపు! నా బట్టలకంతా పడుతుంది, దిగు కిందికి!” అని బ్రహ్మానందం గొంగడి లాగి, పక్కనున్న మురిక్కాలవలోకి విసిరేశాడు. చూస్తున్నవాళ్ళంతా నవ్వారు.

ఆ మనిషి ముఖం మురళికి గుర్తులేదు. తెల్లచొక్కా, ఉంగరాల చెయ్యి, అంతే. గొంగడి నల్లనీళ్ళలో మునిగిపోవడం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

నాయన చచ్చేదాకా మళ్ళీ ఆ బజారులో కాలు పెట్టలేదు.

మురళి బెంగళూరులో సంపాదించి, కారు కొని తిరిగొచ్చాడు. ఆ దుకాణం అరుగు మాత్రం ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడమెందుకు? బోర్డు మీద పేరుంది, గల్లా దగ్గర మనిషున్నాడు.

ఒక్కటే తంటా. దుకాణం దాటగానే అదే మురిక్కాలవ రోడ్డుకు అడ్డంగా పోతుంది. మీద కప్పిన బండ విరిగింది. మొదటిరోజే కారు పొట్ట గీసుకుంది.

టీకొట్టు బల్ల మీద నుంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. మాసిన పంచె, చిరుగుల బనీను.

“ఏ ఊరు నాయనా?”

“కొమరోలు.”

“ఎవురి కొడుకువి?”

“గొర్రెల పెద్దయ్య కొడుకును. ఏం?”

ముసలాయన కారు కిందికి చూశాడు. వంగి, గీత పడినచోట చేత్తో తుడిచాడు.

మర్నాటి నుంచి కారు వచ్చే వేళకు కాలవ మీద రెండు చెక్కలు ఉండేవి. టైర్లు సరిగ్గా వాటి మీద ఎక్కేట్టు ముసలాయనే దగ్గరుండి సర్దేవాడు. టీ తాగమని నోటు ఇవ్వబోతే, దండం పెట్టి పక్కకు తప్పుకునేవాడు.

గురువారం కూడా చెక్కలు వేసి, అద్దం దగ్గరకు వచ్చాడు.

“దేశం పోతన్నావంట గదా. కారేం జేస్తావ్?”

“ఈడ్నే ఉంచుతా.”

“అయ్యో, ఎందుకు? ఎండకు పాడైపోతది. ఇష్టంగా కొనుక్కుంటివి, తీసుకపో నాయనా.”

భార్యకు కూడా చెప్పని మాట మురళి నోట్లోంచి బయటికొచ్చేసింది.

“అదిగో, ఆ బ్రహ్మానందం చచ్చేదాకా ఇది వాని కండ్ల ముందర్నే ఉండాల తాతా. ఎదురుగ్గా షెడ్డు మాట్లాడినా. రోజూ స్టార్ట్ చేసి మోత పెట్టేదానికి మనిషిని గూడా పెట్టినా. మా నాయన గొంగడి ఈ కాలవలోనే ఏసినాడు వాడు. నేను సముద్రం అవతలున్నా వాన్ని నిద్రపోనీను!”

ముసలాయన దుకాణం వైపు చూడనైనా చూడలేదు. ఛాతీ రుద్దుకుంటూ అడిగాడు.

“వాడు చచ్చినంక?”

“అప్పుడు ఓడెక్కిచ్చుకుంటా.”

“సరే. చెక్క జరుగుతాది, మెల్లగా పో.”

శుక్రవారం మురళి చివరిసారిగా వచ్చాడు. దుకాణం షట్టర్ సగం దించి ఉంది.

దాక్కున్నాడు! నాకు భయపడి దాక్కున్నాడు!

మురళికి ఒళ్ళంతా సంబరం. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి, అదే ఊపులో ముందుకు ఉరికించాడు.

చెక్కలు లేవు.

ముందు చక్రాలు కాలవలో పడ్డాయి. పొట్ట బండకు కొట్టుకుని చీలింది. ఆయిల్ బుడబుడా మురుగులోకి కారిపోతోంది.

టీకొట్టు బల్ల ఖాళీగా ఉంది.

“వీడే! ముసలాయన్ని బెదిరించి చెక్కలు తీయించినాడు!”

ఒట్టు గిట్టు ఏదీ గుర్తురాలేదు. అరుగెక్కి, షట్టర్ కింద దూరి, బట్టతలాయన చొక్కా పట్టుకున్నాడు.

“చెక్కలు తీయిస్తావురా, బ్రహ్మానందం!”

ఆయన బిత్తరపోయాడు.

“నేను బ్రహ్మానందమేంది నాయనా! నా పేరు లింగయ్య. ఈ దుకాణం కొన్నోన్ని. కలిసొచ్చిన పేరని బోర్డు మార్చలేదు, అంతే.”

మురళి పట్టు వదులైంది.

“మరి వాడేడి?”

“మధ్యాన్నం పోయినాడు. గుండెనొప్పి. అన్నీ అమ్ముకున్నంక మా ఎనక గదిలోనే పడుండేటోడు పాపం, అందుకే షట్టర్ దించినా. పోయేముందు నన్ను పిల్చి ఒకటే మాట చెప్పినాడు. ‘ఎర్రకారు అబ్బాయొస్తే, ఇంక ఓడెక్కిచ్చుకోమను’ అని.”