మానని గీత

బెజవాడలో ఇప్పుడు కార్లన్నిటికీ మానే రంగే. గీత పడితే నిమిషంలో చర్మంలా కలిసిపోతుంది. వీరభద్రం గారి ఎర్ర స్పోర్ట్స్ కారుకు మాత్రం ఇంకా వెనకటి రంగు. గీసుకుపోతుందని, పెళ్లయిన నాటి నుంచీ ఆయన భార్య పుణ్యవతి చేత గాజులు తీయించి గానీ కారెక్కించుకోలేదు.

ఆటోనగర్ పర్వీన్ ఆ కారును వారంపాటు రుద్దింది. వెలిసిన చోటల్లా పాలిష్ పట్టించి, మెత్తటి గుడ్డతో అద్దంలా చేసింది. ముగ్గురూ పాత కార్ల ఊరేగింపుకు బయలుదేరారు.

గేటు దగ్గర తనిఖీ చేసేవాడు బానెట్ తడిమి పెదవి విరిచాడు.

"ఇది మానే రంగు సార్. పాతదైతే ఇంత నున్నగా ఉంటదా? వెనక్కి తిప్పండి."

"దగ్గరుండి రుద్దించానయ్యా!"

"అయితే ఓ గీత గీయండి. మానకపోతే పంపిస్తా."

వీరభద్రం గారికి చెయ్యి రాలేదు. పర్వీన్ మొహం తిప్పుకుంది.

పుణ్యవతి సంచిలోంచి గాజులు తీసి తీరిగ్గా తొడుక్కుంది. కొప్పులోని పిన్ను లాగి, బానెట్ మీద తన పేరు రాయసాగింది.

"ఒక్క గీత చాలన్నాడే!"

"ఉండండి, మీ ఇంటిపేరు కూడా రాయొద్దూ?"

అందరూ వంగి చూశారు. పేరు మానలేదు. గేటు తెరుచుకుంది.

"దీన్ని పోగొట్టగలవా అమ్మా?" ఆయన పర్వీన్ చెవిలో గొణిగాడు.

గాజులతోనే ముందు సీట్లో కూర్చున్న పుణ్యవతికి ఆ మాట వినబడింది.

"శుభ్రంగా పోగొట్టు పర్వీన్. వచ్చే ఏడు మా అమ్మ పేరు రాస్తాను."